మూడు వైఫైల ముద్దుల మొగుడు

మా ఇంట్లో మనుషులం ఐదుగురం, వైఫైలు మూడు. తలసరి లెక్క తీస్తే రాజమండ్రిలో మేం బాగా కలిగినవాళ్ల కిందే జమ. అయినా ఆఫీసు మీటింగులో "మీ మాట వినపడట్లేదండీ" అనిపించుకునేది మాత్రం నేనే.

కింద వాటాలో అమ్మానాన్నలది ఒక కనెక్షను. దానికి ఇన్వర్టర్ లేదు, కరెంటుతోపాటే వస్తుంది, కరెంటుతోపాటే పోతుంది. పై వాటాలో మాది ఇంకోటి. దీనికి ఇన్వర్టర్ ఉంది గానీ తీగ స్తంభాల మీదుగా వేలాడుతూ వస్తుంది. వీధిలో చెట్ల కొమ్మలు కొట్టినప్పుడల్లా మా కేబులు కూడా ఓ కొమ్మే అయిపోతుంది. వినాయకుడు కాస్త పొడుగ్గా కుదిరిన ఏడాది నిమజ్జనం నాడు ఇంటర్నెట్టుకీ నిమజ్జనమే. మూడోది మా ఆవిడ ఫోను హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ. అది ఆపద్ధర్మం.

ఇలాంటి ఇంట్లో మామూలు మనిషైతే, ఒకటి పోగానే స్క్రీను మూలనున్న గుర్తు నొక్కి ఇంకోదానికి మారతాడు. రెండు క్లిక్కుల పని. ఆ రెండు క్లిక్కులు తప్పించుకోడానికి నేను శనాదివారాలు ధారపోసి ప్రోగ్రాం రాశాను. బద్ధకం కోసం ఎంత కష్టమైనా పడతాను, అది నా స్వభావం.

కంప్యూటరే మారొచ్చుగా అంటారేమో. మారదు. వైఫై పెట్టె ఇంట్లో ఉంటుంది, తెగిన తీగ వీధిలో ఉంటుంది. పెట్టె నుంచి సిగ్నలు నిక్షేపంలా వస్తూంటే, ఇంటర్నెట్ లేకపోయినా సరే కంప్యూటరు దాన్నే పట్టుకుని కూర్చుంటుంది. మహా అయితే గుర్తు పక్కన 'ఇంటర్నెట్ లేదు' అని ఓ ముక్క రాసి ఊరుకుంటుంది. పక్కనే ఇంకో వైఫై పిలుస్తున్నా తలెత్తి చూడదు.

విండోస్‌లో నెట్‌ష్ అని ఒక కమాండ్ ఉంది. నల్ల కిటికీలో టైపు చేస్తే ఏ వైఫైలో ఉన్నామో, సిగ్నలు నూటికి ఎంతో చెబుతుంది. ఫలానాదానికి మారు అంటే మారుతుంది. దాని చుట్టూ నాలుగు లైన్లు అల్లి, నిమిషానికోసారి నడపమని టాస్క్ షెడ్యూలర్‌కి అప్పజెప్పాను. ఏ వైఫై సిగ్నలు ఎక్కువుంటే దానికి మారడం, ఇదొక్కటే రూలు.

తెర వెనక నడవాల్సిన ప్రోగ్రాం నిమిషానికోసారి తెర ముందుకొచ్చి, నల్లగా తళుక్కుమని మాయమయ్యేది. మీటింగులో స్క్రీను చూపిస్తుంటే మేనేజరు గారు "మీ సిస్టమ్‌కి వైరస్ పట్టినట్టుందండీ" అన్నారు. రాసింది నేనే అని చెప్పడం కంటే వైరసే గౌరవంగా ఉంటుందని ఊరుకున్నాను. 'లాగిన్ అయినా కాకపోయినా నడుపు' అనే సెట్టింగు పెడితే ఆ కిటికీ కనపడదని తర్వాత తెలిసింది.

కనపడకపోయేసరికి అసలు రోగం మొదలైంది. మాట్లాడుతూ మాట్లాడుతూ నేను నోరు తెరిచి బొమ్మలా ఆగిపోయేవాణ్ని. కాసేపటికి కదిలి, మళ్లీ ఆగిపోయేవాణ్ని. ప్రోగ్రాం రాసుకున్న చిట్టా తెరిచి చూశాను. 10.02: పైది 61, కిందది 63, కిందకి మారాను. 10.03: పైది 64, కిందది 62, పైకి మారాను. 10.04: కిందకి. 10.05: పైకి. నా బల్ల మేడమెట్ల పక్కన ఉంది. రెండు వైఫైలూ అక్కడికి ఇంచుమించు సమానంగా వస్తాయి. సిగ్నలు ఒకచోట నిలబడే వస్తువు కాదు, ఎవరు అడ్డంగా నడిచినా, ఇనప బీరువా తలుపు తెరిచినా రెండు మూడు అంకెలు అటూ ఇటూ అవుతుంది. ఆ రెండంకెల కోసం నా కంప్యూటరు రోజంతా మెట్లెక్కి దిగుతోంది.

మారడమంటే ఊరికే కాదు. కొత్త వైఫైలోకి వెళ్లగానే కంప్యూటరుకి కొత్త చిరునామా ఇస్తారు. పాత చిరునామా మీద నడుస్తున్న కబుర్లన్నీ తెగిపోతాయి. వీడియో కాల్ తంటాలుపడి మళ్లీ అతుక్కుంటుంది గానీ ఆఫీసు వీపీఎన్ అతుక్కోదు. మళ్లీ లాగినై ఓటీపీ కొట్టమంటుంది. ఓటీపీ ఫోనుకొస్తుంది. ఫోను కింద చార్జింగులో ఉంటుంది. కంప్యూటరు వెనకే నేనూ మెట్లెక్కి దిగాను.

"మోకాళ్లకి మంచిదేలేరా" అన్నాడు నాన్న పేపరు వెనకనుంచి.

మందు గీజరు దగ్గర దొరికింది. నీళ్లు ఇన్ని డిగ్రీలకి చేరితే ఆగు అంటాం. ఒక్క డిగ్రీ తగ్గగానే మళ్లీ వెలగదు, ఇంకా కొన్ని డిగ్రీలు పడేదాకా ఓపిక పడుతుంది. లేకపోతే టిక్కుటిక్కుమంటూ స్విచ్చి కాలిపోయేది. ప్రోగ్రాంకీ అదే నేర్పాను. ఉన్నచోట ఇంటర్నెట్ నడుస్తూ, సిగ్నలు 35కి పైన ఉంటే పక్కింట్లో స్వర్గమున్నా కదలకు. ఈ రూలుని గుర్తుంచుకోండి, తర్వాత నా మెడకే చుట్టుకుంది.

ఇంటర్నెట్ నడుస్తోందో లేదో కనుక్కోడానికి ఓ వెబ్‌సైట్‌ని పలకరించి, ఏదో ఒక జవాబొస్తే చాలనుకున్నాను. కింది కనెక్షను గడువు దాటితే, కంపెనీవాళ్లు ఏది తెరిచినా 'బిల్లు కట్టండి' అనే పేజీయే చూపిస్తారు. నా ప్రోగ్రాం దాన్ని చూసి, ఆహా ఇంటర్నెట్ అని మురిసిపోయి ఆ పేజీ దగ్గరే కాపురం పెట్టింది. విండోస్ ఇలా మోసపోదు. ఒక చిన్న ఫైలు తెప్పించుకుని, అందులో 'మైక్రోసాఫ్ట్ కనెక్ట్ టెస్ట్' అన్న మూడు మాటలూ ఉన్నాయో లేదో చూసుకుంటుంది. నేనూ అదే కాపీ కొట్టాను. నాన్న బిల్లు కట్టాడు.

ఆ తర్వాత చిట్టాలో ఒక విచిత్రం. రోజూ రాత్రి తొమ్మిది ప్రాంతంలో కింది వైఫై పరీక్ష తప్పుతోంది. మళ్లీ అదే బాగుపడుతోంది. ఆ వేళకి కిందికెళ్లి నిలబడితే దొంగ దొరికింది. అమ్మ నాన్నకి ఓవెన్‌లో పాలు వేడి చేస్తోంది. కింది పెట్టె పాతది, 2.4 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే మాట్లాడుతుంది. మైక్రోవేవ్ ఓవెనూ ఇంచుమించు అక్కడే పనిచేస్తుంది. తలుపు సందుల్లోంచి జారే కొసరు చాలు, పక్కనున్న వైఫై తడబడడానికి. ఇదంతా అమ్మకి వివరంగా చెప్పాను.

"అయితే నీ కంప్యూటరు కోసం మీ నాన్న చల్లటి పాలు తాగాలట్రా?" అంది.

పెట్టెని వంటగది గోడ మీంచి తీసి హాల్లో పెట్టించాను.

ఇక అంతా కుదురుకుందనుకున్న రోజుల్లో ఒక రాత్రి గాలివాన. కరెంటు పోయి కిందది, కొమ్మ విరిగి పైది, రెండూ పడుకున్నాయి. మర్నాడు ఇవ్వాల్సిన బడి ప్రాజెక్టుకి బొమ్మలు కావాలని మా వాడి గోల. మా ఆవిడ హాట్‌స్పాట్ పెట్టింది. ప్రోగ్రాం ఠక్కున పట్టుకుంది. "చూశావా దీని తెలివి!" అన్నాను కూడా. పనయ్యాక అందరం పడుకున్నాం, ఫోను ఆవిడ తలగడ పక్కన.

ఫోను హాట్‌స్పాట్‌కి సాధారణంగా ఒక మంచి గుణం ఉంటుంది. ఎవరూ వాడకపోతే కాసేపటికి అదే ఆగిపోతుంది. కానీ నా కంప్యూటరు వాడుతూనే ఉంది, నిమిషానికోసారి ఇంటర్నెట్ ఉందా ఉందా అని అడుగుతూ. ప్రోగ్రాం ఆగకూడదని దానికి నిద్ర లేకుండా సెట్టింగు పెట్టినవాణ్ని నేనే. కరెంటొచ్చింది, కింది వైఫై లేచింది. అయినా కదల్లేదు. ఉన్నచోట బాగుంటే కదలొద్దని నేర్పింది కూడా నేనే కదా. పన్నెండు దాటగానే ఆవిడకి కొత్త రోజు కోటా వచ్చింది. విండోస్‌కి సరిగ్గా అప్పుడే తన అప్‌డేట్లు గుర్తొచ్చాయి.

మా ఆవిడ ప్రభుత్వ బడిలో టీచరు. పొద్దున్నే బడిలో ఫోనుకి ముఖం చూపించి యాప్‌లో హాజరు వేసుకోవాలి. ఆ పొద్దున ముఖం పెట్టింది. తెర మీద చక్రం తిరుగుతోంది. కోటా అయిపోతే మిగిలే వేగం 64 కేబీపీఎస్, అందులోంచి మా ఆవిడ ముఖం దూరడం లేదు. బొట్టు సరిచేసుకుంది, వెలుతురులోకి వెళ్లింది, కళ్లజోడు తీసింది. చివరికి పక్క టీచరు తన హాట్‌స్పాట్ ఇస్తే హాజరు పడింది.

సాయంత్రం చెప్పులు విప్పకుండానే అడిగింది. "ఏవండీ, రాత్రి నా నెట్టంతా తాగేసిందెవరు?"

"విండోస్ అప్‌డేట్."

"ఆయనెవరు? నాకు చెప్పకుండా భోజనానికి ఎప్పుడు పిలిచారు?"

అప్‌డేటంటే తెలియక కాదు, బడిలో కంప్యూటర్ క్లాసులు కూడా తనే చెబుతుంది. అంతటితో ఆగలేదు, నా కుర్చీలో కూర్చుని వైఫై సెట్టింగులు తెరిచింది. హాట్‌స్పాట్ పేరు కింద 'మీటర్డ్ కనెక్షన్' అని ఒక స్విచ్చి. అది వేస్తే ఇలాంటి పెద్ద అప్‌డేట్లు చాలామటుకు ఆగుతాయి. ఇంకొంచెం లోపలికెళ్తే, పాత కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్కు. ఈ వైఫైలో ఉన్నప్పుడు కూడా వేరేవాటి కోసం చూడు అని దాని భావం. ఇష్టమైన వరసలో పైనున్న వైఫై అందుబాటులోకొస్తే, విండోస్ తనంతట తనే దానికి మారుతుంది. నా ప్రోగ్రాంలో సగం పని ఆ టిక్కు ఎప్పట్నుంచో ఉచితంగా చేస్తోంది. సిగ్నలుండి ఇంటర్నెట్ లేకపోతే మాత్రం అది పట్టించుకోదు. నా సృష్టికి మిగిలిన బతుకుతెరువు అంతే.

మీ ఇంట్లోనూ రెండు కనెక్షన్లుంటే ముందు ఆ టిక్కు పెట్టి చూడండి. హాట్‌స్పాట్‌కి మీటర్డ్ పెట్టకుండా రాత్రి పడుకోకండి. అప్పటికీ చాలకపోతే నా ప్రోగ్రాం ఇస్తాను, రెండు వైఫైల వరకూ పూచీ నాది. మూడోదాని పాస్‌వర్డు మా ఆవిడ మార్చేసింది.