చార్మినారు సందేశానికి టీకా తాత్పర్యం

మూలం:
బావా! 17.3616, 78.4747. గీడనే ఉన్న, జల్ది రా.

అవతారిక: ఊరికి కొత్తయిన బావకు, పాతబస్తీలో ఎదురుచూస్తున్న బావమరిది పంపిన వాట్సాప్ సందేశమిది.

ప్రతిపదార్థం: బావా = ఓ బావా!; 17.3616 = భూమధ్యరేఖకు ఉత్తరమున అన్ని డిగ్రీల అక్షాంశమందును; 78.4747 = గ్రీనిచ్‌కు తూర్పున అన్ని డిగ్రీల రేఖాంశమందును; గీడనే = ఆ రెండును ఖండించుకొను చోటనే; ఉన్న = నిలిచియున్నాను; జల్ది = శీఘ్రముగా; రా = (ఆటోలో) విచ్చేయుము.

తాత్పర్యం: బావా! అడ్డగీత యొకటి, నిలువుగీత యొకటి చెప్పితిని. అవి కలియుచోట చార్మినారు కలదు, దాని క్రింద నేను గలను. అడ్డగీత నొక్కదానినే పట్టుకొని వత్తువేని భూగోళమంతయు చుట్టవలసి వచ్చును.

విశేషాలు:

అధ్యాహారం: 'ఉత్తరం', 'తూర్పు' అన్న మాటలు మూలంలో లేవు; మనమే తెచ్చుకోవాలి. రుణచిహ్నం లేని అంకెలకు ఆ దిక్కులే వర్తిస్తాయి. మొదటి అంకె ముందు చిన్న గీత పడిందా, బావ హిందూ మహాసముద్రంలో తేలతాడు.

అన్వయం: పద్యంలో క్రియ ముందున్నా కర్త చివరున్నా అన్వయించుకుని గట్టెక్కవచ్చు. ఇక్కడ ఆ చనువు చెల్లదు. అంకెలు తారుమారైతే బావ ఆర్కిటిక్ ప్రాంతంలో, నార్వే ఏలుబడిలోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో దిగుతాడు. అక్కడ ధ్రువపు ఎలుగులుంటాయి, ఆటోలుండవు. పైగా ఈ దోషం పట్టుబడేది కాదు. అక్షాంశం 90 దాటకూడదన్నది నియమం. తెలుగునాట రేఖాంశాలూ 90 లోపే గనుక, తిరగేసినా యంత్రం తప్పనదు. పటాల సమాచారాన్ని ఫైళ్లలో రాసే జియోజేసన్ శాఖవారు రేఖాంశాన్నే ముందు పఠిస్తారు. వారి ఫైళ్లతో మరీ జాగ్రత్త.

పాఠభేదం: 17°21'42" ఉ., 78°28'29" తూ. అర్థం ఒకటే. డిగ్రీకి 60 నిమిషాలు గనుక 0.36 డిగ్రీ అంటే సుమారు 22 నిమిషాలు, 36 కాదు. చుక్క తర్వాతి రెండేసి అంకెలను నిమిషాలుగా చదివినవాడు చార్మినారుకు ఈశాన్యంగా 40 కిలోమీటర్ల అవతల, యాదగిరిగుట్ట దిక్కున తేలతాడు. పుణ్యం దక్కవచ్చు, బావమరిది దక్కడు.

సూక్ష్మార్థం: అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు, నాలుగో దశాంశానికొచ్చేసరికి సుమారు 11 మీటర్లు. చార్మినారు ఒక్కో వైపు దాదాపు 20 మీటర్లు. ఆ చివరి అంకెను తేలిగ్గా చూడరాదు.

చారిత్రకం: అక్షాంశపు సున్న భూభ్రమణం నిర్ణయించింది. రేఖాంశపు సున్నకు అలాంటి ఆధారం లేదు. గ్రీనిచ్‌ను 1884లో వాషింగ్టన్ సభ ఒప్పుకుంది. మన సిద్ధాంత గ్రంథకర్తలకు మధ్యరేఖ ఉజ్జయిని మీదుగా పోయేది. ఆ లెక్కన బావమరిది తూర్పున మూడు డిగ్రీల లోపే ఉన్నాడు. మనిషి కదల్లేదు, సున్న కదిలింది.

పూర్వపక్షం: లొకేషన్ పిన్ పంపితే పోయేదానికి ఇంత రాద్ధాంతమెందుకు?

సమాధానం: పిన్ కడుపులో ఉన్నవీ ఈ రెండంకెలే. నెట్ అందని నల్లమల దారిలో చిక్కినవాడు మామూలు కాల్‌లో నోటితో చెప్పగలిగేవీ ఇవే. ముందు 'ఉత్తరం ఇంత', తర్వాత 'తూర్పు ఇంత' అని దిక్కులతో సహా చెబితే వినేవాడికి వ్యాఖ్యాతతో పనుండదు.