తిరిగొచ్చే కర్ర

అప్పట్లో అమెరికా పిల్లలకు కార్టూన్లంటే శనివారం పొద్దున్నట. మాకు శనివారం బడి ఉండేది. కాబట్టి మా దేవుడు ఆదివారం దిగేవాడు, అదీ ఒంటిమీద చెడ్డీ ఒక్కటే వేసుకుని.

అది 1993. నేను ఐదో తరగతి. ఊళ్ళో మొత్తం మూడు టీవీలు. ఒకటి కరణంగారింట్లో, కలరుది. కానీ అక్కడ పిల్లల్ని అరుగు దాటనిచ్చేవాళ్ళు కాదు. రెండోది పంచాయతీ ఆఫీసులో. దాని గది తాళంచెవి ఎవరి దగ్గరుందో ఊళ్ళో ఎవరికీ తెలియదు. మూడోది మాది. చెక్కతలుపుల పెట్టెలో బ్లాక్ అండ్ వైట్ డయనోరా. ఆదివారం పొద్దున ఆ తలుపులు తెరిచే హక్కు నాది. గుళ్ళో పూజారి తెర తీసినట్టు తీసేవాణ్ణి. బఘీరా ఎలాగూ నల్ల చిరుతే, రాత్రి ఎలాగూ నలుపే, రంగుల్లేక మనకు పోయిందేమీ లేదని కరణంగారి మనవడితో వాదించేవాణ్ణి కూడా.

మోగ్లీ మన హిందీవాళ్ళ కార్టూనని చాలాకాలం అనుకున్నాను. కాదు. మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల కథ. దాన్ని బొంబాయిలో పుట్టిన ఇంగ్లీషువాడు కిప్లింగ్ 1894లో పుస్తకంగా వేస్తే, జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్ళు 1989లో 52 భాగాల బొమ్మల కథ చేశారు. దాన్ని హిందీలో మాట్లాడించి దూరదర్శన్ మన ఇళ్ళకు పంపింది. ఇన్ని దేశాలు తిరిగొచ్చిన మన అడవి పిల్లాణ్ణి, తెలుగు తప్ప ఇంకో భాష రాని మేం నోరెళ్ళబెట్టి చూశాం. ఆరో తరగతికి వస్తేగానీ మాకు హిందీ లేదు. గుల్జార్ రాసి, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన ఆ మొదటి పాటలో మాకు తెలిసింది చెడ్డీ ఒక్కటే. తక్కిందంతా మంత్రం. మంత్రానికి అర్థం తెలియాలని ఎవరన్నారు? ఊరంతా పాడేది. మా నాయనమ్మ కూడా తులసికోటకు నీళ్ళు పోస్తూ ఆ రాగమే తీస్తుంటే విన్నాను. ఆవిడ మాత్రం ఒప్పుకునేది కాదు.

అసలు కష్టమంతా బొమ్మ రావడం దగ్గరే. 1984లో దేశమంతా వరసబెట్టి రిలే కేంద్రాలు పెట్టారు. చాలావాటికి వంద వాట్ల ట్రాన్స్‌మీటరు. వంద వాట్లంటే మా వసారాలో వెలిగే బల్బు. పట్నం చుట్టుపక్కల ఇరవై, పాతిక కిలోమీటర్ల దాకా దాని ఊపిరి. మా ఊరు ఆ ఊపిరి ఆగిపోయేచోట ఉంది. ఇంటి మీద పొడుగాటి ఇనప గొట్టం, దాని కొసన చేపముల్లు యాంటెన్నా, కింద బూస్టరు. ఇన్ని ఉన్నా తెర మీద ఈగలు ముసిరినట్టు చుక్కలే. గాలి అటు వీస్తే ఎలుగుబంటి బాలూకి రెండు తలకాయలు. ఇటు వీస్తే అడవి మొత్తం నిచ్చెనలా పైకి పాకేది.

మాది పెంకుటిల్లు. పెద్దవాళ్ళెక్కితే పెంకులు పగులుతాయి. నేను అప్పటికే కాస్త బొద్దు. అందుకని ఆ పని పిట్టది.

పిట్ట అనేది మేం పెట్టిన పేరు. నా క్లాసే. మోకాళ్ళు, మోచేతులు తప్ప ఇంకేం కనపడని ఒళ్ళు. వాళ్ళ నాన్న మా ఇంట్లో జీతానికుండేవాడు. పిట్ట పశువుల కొట్టం గోడ పట్టుకుని, వాసం మీద కాలేసి, పిల్లిలా చప్పుడు లేకుండా ఇంటి మీదికి చేరేవాడు. ఇక మొదలు. లోపల టీవీ ముందు నేను, గుమ్మంలో మా తమ్ముడు, పైన పిట్ట.

"వచ్చిందా?"

"రాలా!"

"ఇప్పుడు?"

"వచ్చె వచ్చె… పోయె. ఇటు, ఇటు. ఇటంటే చెరువు వైపురా!"

పాట మొదలయ్యేలోగా బొమ్మ నిలబడాలి. నిలబడేది కూడా. పిట్ట చెయ్యి పడితే చాలు, చుక్కలన్నీ చెదిరిపోయి మోగ్లీ తీగ పట్టుకుని ఊగుతూ వచ్చేవాడు. వాడి చేతిలో ఏదో మహత్యం ఉందనేది నాయనమ్మ. తర్వాత ఇంజనీరింగులో చదువుకున్నాను, అందులో మహత్యమేమీ లేదు. మనిషి ఒళ్ళు కూడా కరెంటును మోసేదే. యాంటెన్నా గొట్టాన్ని తాకితే అది సిగ్నల్ అందుకునే తీరు మారుతుంది. ఒక్కోసారి మంచికి మారుతుంది.

ఆ తర్వాత అరగంట స్వర్గం. ఈతాకు చాప పరిచి పదిమందిమి కూర్చునేవాళ్ళం. ఎవరెవరు ఎక్కడో ఇప్పటికీ చెప్పగలను. కరణంగారి మనవడు కూడా వచ్చి స్తంభానికి ఆనుకునేవాడు, కలరు టీవీ ఉండి కూడా. మా చెల్లి నా ఒళ్ళో. పిట్ట నా కుడిపక్క. షేర్ ఖాన్ గొంతు వినపడగానే చెల్లి నా చొక్కాలో ముఖం దాచుకునేది. ఆ గొంతు నానా పటేకర్‌దని ఎప్పుడో ఉద్యోగంలో చేరాక తెలిసింది. ఆ పేరు తెలియని రోజుల్లో ఆ గొంతు పులిదే. అయిపోయాక నాయనమ్మ తలా రెండు జంతికలు పెట్టేది.

మోగ్లీ చేతిలో కర్ర ఒకటుండేది, గుర్తుందా? విసిరితే గాల్లో గిరగిరా తిరిగి మళ్ళీ వాడి చేతికే వస్తుంది. బూమరాంగ్ అనే మాట మాకు తెలియదు. తిరిగొచ్చే కర్ర అనేవాళ్ళం. ఆ వేసవి ఊళ్ళో తుమ్మచెట్లకు మూడింది. మోచెయ్యిలా వంగిన కొమ్మ ఎక్కడ కనపడితే అక్కడ కొడవలి పడింది. మేం విసిరిన కర్రలు తిరిగి రాలేదు గాని, వాటి వెంట కుండలు పగిలినవాళ్ళు మాత్రం ఇంటిదాకా తిరిగొచ్చారు.

అందరి కర్రలూ అలా ఉంటే పిట్ట తెచ్చింది వేరు. సరుగుడు కర్ర. మూరెడు పొడుగు, బద్ద కట్టినట్టు తిన్నగా ఉంది. సీసాపెంకుతో వారం రోజులు గీకి గీకి అద్దంలా నున్నగా చేశాడు. మేం పడీపడీ నవ్వాం. "నీ కళ్ళేం కళ్ళురా బాబూ" అన్నాను నేను. వాడు కాసేపు మా కర్రలన్నిటికేసీ ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత తనూ నవ్వేసి, తన కర్రను ఉన్న బలమంతా పెట్టి విసిరాడు. అది గడ్డివామి దాటి పోయింది. వాడు దాన్ని తెచ్చుకోవడానికి కూడా వెళ్ళలేదు.

ఆట మాత్రం వాడు లేందే సాగేది కాదు. షేర్ ఖాన్ గొంతు అచ్చంగా తీసేవాడు. ఏ భాగంలో ఎక్కడ తోడేలు ఊళ వేస్తుందో, ఎక్కడ వాన పడుతుందో, ఎక్కడ డప్పు మోగుతుందో అన్నీ నోటితోనే పలికించేవాడు. కళ్ళు మూసుకుంటే టీవీ పెట్టినట్టే ఉండేది.

ఆ తర్వాత ఇంటింటికీ కేబుల్ వచ్చింది. పెంకుటిల్లు పోయి స్లాబు వచ్చింది. గొట్టం పాత ఇనుములోకి పోయింది. 2016లో జంగిల్ బుక్ కొత్త సినిమా వచ్చినప్పుడు హిందీలో మళ్ళీ నానా పటేకరే షేర్ ఖాన్ అంటే, పని కట్టుకుని హైదరాబాదులో హిందీ ఆటకు వెళ్ళాను. పాపను తీసుకెళ్ళాను. పులి నిజం పులిలాగే ఉంది. అదే దాంట్లో లోపం. మా పాపకు నచ్చింది, అది వేరే సంగతి.

మా 1999 పదో తరగతి బ్యాచ్ పాతికేళ్ళ కలయిక 2024 సంక్రాంతికి పెట్టుకున్నాం. ఇలాంటివాటికి ఊళ్ళో ఇల్లున్నవాడే బలి. మా మేడ ముందు వాకిట్లోనే ఏర్పాట్లు. నెల ముందునుంచీ వాట్సాప్ గ్రూపులో మోగ్లీ రోజుల గురించి తెగ రాశాను. చాప, జంతికలు, షేర్ ఖాన్, కుడిపక్క పిట్ట. అందరూ కన్నీళ్ళ బొమ్మలు పెట్టారు. పిట్ట దండం బొమ్మ పెట్టాడు. వాడిప్పుడు ఊరూరా తిరిగి సెల్ టవర్లెక్కే పని చేస్తున్నాడు. మనిషి పెద్దగా లావెక్కలేదు. అందరం ఒకర్నొకరం ఒరే అనుకుంటాం గాని, వాడు నన్ను ఇప్పటికీ ఒరే అనడు.

భోజనాలయ్యాక నా కానుక బయటపెట్టాను. అద్దెకు తెచ్చిన ప్రొజెక్టరు, గోడకు కట్టిన తెల్ల దుప్పటి. కింద చాపలే వేయించాను, కుర్చీలు పక్కకు తీయించి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు తిట్టుకున్నారు. మా ఊళ్ళో నెట్ సంగతి తెలుసు కాబట్టి ఫోను మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన పెట్టి అక్కణ్ణించి వైఫై పంచాను. కర్ర విసిరే భాగం ఒకటి కావాలని వెతికి పెట్టాను.

పిట్టను పట్టుకొచ్చి నా కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాను.

పాట మొదలైంది. నలభయ్యేళ్ళ మనుషులందరూ పదేళ్ళవాళ్ళయిపోయారు. తలా ఒక ముక్క పాడుతున్నారు, సగం తప్పులే. పిట్ట ఒక్కడే ఒక్క అక్షరం తప్పు పోకుండా పాడాడు. షేర్ ఖాన్ రాకముందే గొంతు మార్చి గుర్రుమన్నాడు. సరిగ్గా మూడు క్షణాలకు తెర మీద పులి గుర్రుమంది. ఈలలు, చప్పట్లు. సెల్‌ఫోన్లలో తలదూర్చిన పిల్లలు కూడా తలెత్తి చూశారు. నాకు గర్వంగా ఉంది. అడవిని మోసుకొచ్చి వాకిట్లో దింపినవాణ్ణి నేనే కదా.

తెర మీద మోగ్లీ కర్ర విసిరాడు. అది కొమ్మల మధ్య గిరగిరా తిరిగి వచ్చి వాడి చేతిలో పడింది.

పిట్ట ముందుకు వంగాడు.

"వంకర కర్రా అది?" అన్నాడు మెల్లగా.

"అదేందిరా, కొత్తగా చూసినట్టు!" నవ్వబోయాను.

"కొత్తే గదా." వాడి చూపు తెర మీంచి కదల్లేదు. "పైకి మాటలే వినబడేయి. తిరిగొచ్చే కర్ర, తిరిగొచ్చే కర్ర అని మీరు అరుస్తుంటే తిన్నటి కర్రే అనుకున్నా."

చాప మీద నా కుడిపక్క ఎవరు కూర్చునేవారో గుర్తు చేసుకోబోయాను. చాప గుర్తొచ్చింది. ఇంకొక అరుపు కూడా గుర్తొచ్చింది. వారం వారం, చూపు టీవీ మీంచి తిప్పకుండానే గుమ్మం వైపు అరిచిన అరుపు. "చెయ్యి తియ్యబాకురోయ్, బొమ్మ పోద్ది!" మా తమ్ముడు దాన్ని పైకి అందించేవాడు. అరిచింది నేను.

తెర మీద మోగ్లీ గాల్లో ఆగిపోయాడు. మధ్యలో సున్నా ఒకటి తిరుగుతోంది.

"బొమ్మ పోయిందిరోయ్!" అన్నారెవరో వెనక నుంచి.

నేను తల తిప్పేసరికి పిట్ట మేడమెట్ల దగ్గర చెప్పులు విడుస్తున్నాడు.