పిల్లి సంగతి నాకు తెలుసనుకున్నాను

పిల్లుల గురించి నాకెవరూ చెప్పక్కర్లేదని నలభై ఏళ్లు నమ్మాను. గోదావరి పక్క పల్లెలో, గాదెల చుట్టూ తిరిగే పిల్లుల మధ్య పెరిగినవాణ్ణి మరి. ఢిల్లీ మయూర్ విహార్‌లో మా ఫ్లాట్‌కి చేరిన పసుపురంగు పిల్లి పేరు పులిహోర. దానికి టీకాలు వేయించాల్సి వచ్చినప్పుడు "నాన్నా, ముందు క్యారియర్ కొందాం" అని మా అమ్మాయి మొత్తుకుంది. "పిల్లికి పెట్టె ఏమిటే, సంచి చాలు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

జూన్ నెల, మిట్టమధ్యాహ్నం. మంచం కింద పడుకున్నదాన్ని బయటికి లాగి, కూరగాయల సంచిలో కుక్కి, మూతి బిగించి పట్టుకున్నాను. మెట్రోలో జంతువుల్ని ఎక్కనివ్వరు కనక ఆటో ఎక్కాను. అక్షర్‌ధామ్ దగ్గర సిగ్నల్ పడింది. వెనక బస్సు హారన్ కొట్టింది. అంతే! సంచి చిరిగింది, పంజా బయటికొచ్చింది, నా మోచేయి గీరుకుపోయింది, పులిహోర డ్రైవర్ సీటు కిందికి దూరింది, నేను దాని వెనకే వంగాను, డ్రైవర్ "అరే భాయ్, బిల్లీ!" అని కేకేశాడు, పచ్చ దీపం వెలిగింది, ఢిల్లీ మొత్తం ఒక్కసారే హారన్ కొట్టింది.

మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. పిల్లి చెవి 60 కూడా దాటి వింటుంది. నాకే చెవులు గింగురుమన్న ఆ మోత దానికెలా ఉండి ఉంటుందో అప్పుడు నాకు తట్టలేదు.

క్లినిక్‌లో నాలుగు కుక్కలు. పులిహోర నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పుతోంది. దాహమేమో అనుకున్నాను. డాక్టరమ్మ చూడగానే దాన్ని లోపలికి తీసుకెళ్లి చల్లబరిచారు. కుక్క రొప్పడం మామూలే, పిల్లి అలా రొప్పితే ప్రమాదమేనని చెప్పారు. ఆ రోజు టీకా వేయలేదు. దానికి పడాల్సిన రేబిస్ టీకా పడకపోగా, ఆ గీరుడుకి నాకే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు సూదులు పడ్డాయి.

సూదుల నొప్పి మర్చిపోయాను. మర్చిపోలేనిది ఒకటుంది. రోజూ నా కాళ్ల మీద పడుకునే పిల్లి, వారం పాటు నా అడుగుల చప్పుడు వింటే చాలు మంచం కిందికి పారిపోయింది. పెంచినంత మాత్రాన తెలిసినట్టేనని మనందరం అనుకుంటాం. పిల్లల విషయంలోనూ అంతే, పిల్లుల విషయంలోనూ అంతే.

తర్వాత అమ్మాయి చెప్పినట్టే చేశాను. పైనుంచి కూడా తెరుచుకునే గట్టి క్యారియర్ కొని, తలుపు తీసి హాల్లోనే వదిలేశాం. అందులో నా పాత లుంగీ పరిచాం, రోజూ రెండు ఉడికించిన చికెన్ ముక్కలు పెట్టాం. మొదట ముక్క లాక్కుని పరుగెత్తేది. పదో రోజున అక్కడే తిన్నది. మూడో వారానికి గడ్డం అంచుకి ఆనించి అందులోనే నిద్రపోయింది. ఆ తర్వాతే ప్రయాణం. ఎండెక్కక ముందే, ఏసీ కారులో, క్యారియర్ మీద పల్చటి తువ్వాలు కప్పి, ముందు సీటు వెనక కింద కదలకుండా పెట్టి తీసుకెళ్లాం. ముందే ఫోన్ చేసి, మా వంతు వచ్చేదాకా కారులోనే కూర్చున్నాం. బయలుదేరే ముందు ఇవ్వమని డాక్టరమ్మ రాసిన మందు ఇచ్చాం. అది ఆవిడ రాసిందే. మనుషుల మాత్రలు సొంతంగా వేయకండి, పారాసెటమాల్ పిల్లి ప్రాణం తీస్తుంది.

రెండోసారి పై మూత తీసి, లుంగీ మీద పడుకున్నదాన్ని కదపకుండానే టీకా వేశారు.

మీ ఇంట్లో పిల్లి ఉంటే, ఆ క్యారియర్ని అటక మీంచి ఈ రోజే దించండి. తలుపు తెరిచి హాల్లో పెట్టండి. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఎప్పుడొస్తుందో మనకు తెలియదు.