స్టర్ట్ నన్ను కోయలేదు

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎండుమొక్కలు దాచే హెర్బేరియం నా నివాసం. నేనో ఎండిన కొమ్మను, పూలతో సహా నొక్కి ఆరబెట్టిన కొమ్మను. పుట్టింది పశ్చిమ ఆస్ట్రేలియా తీరంలోని ఒక ఎండు దీవిలో. 1699 ఆగస్టులో నన్ను కోశారు. మా జాతిని ఇప్పుడందరూ పిలిచే పేరు ‘స్టర్ట్స్ డెజర్ట్ పీ’, అంటే స్టర్ట్ గారి ఎడారి బఠాణీ. ఆ స్టర్ట్ గారు పుట్టింది 1795లో. అప్పటికే నేను ఎండి తొంభై ఏళ్లు దాటింది.

నన్ను కోసినవాడు విలియం డాంపియర్. ఒకప్పుడు సముద్రపు దొంగ, ఆ ప్రయాణంలో మాత్రం ఇంగ్లండ్ రాజు పంపిన ‘రోబక్’ ఓడకు కెప్టెన్. నేల మీద పాకే తీగ, చిక్కుడు పువ్వులాంటిదే అయినా ఎంతో పెద్దది, ముదురెరుపు, చాలా అందంగా ఉంది అని నా గురించి రాసుకున్నాడు. మనిషి చూపు మంచిదే. చిక్కుడూ కందీ శనగా నేనూ ఒకే కుటుంబం. పేరులో బఠాణీ అందుకే వచ్చింది. కాకపోతే నా పువ్వు మూడున్నర అంగుళాల పొడవు. ఒక రేక పైకి నిలబడుతుంది, ఇంకొకటి కిందికి మొనదేలుతుంది. రెంటికీ నడుమ నున్నగా, నల్లగా మెరుస్తూ ఒక బొడిపె. ఆకుల మీద సన్నని తెల్లని నూగు.

1701లో రోబక్ అసెన్షన్ దీవి దగ్గర మునిగింది. డాంపియర్ పుస్తకాలూ కాగితాలూ చాలావరకు నీటిపాలయ్యాయి. నేనూ, నాతోపాటు కోసిన మరికొన్ని కొమ్మలూ బతికి బట్టకట్టాం.

లండన్ చేరాక పేర్ల గొడవ మొదలైంది. ఆ రోజుల్లో మొక్క పేరంటే లాటిన్‌లో ఒక వాక్యం. 1704లో జాన్ రే పుస్తకంలో నాకు అచ్చయిన పేరుకి అర్థం: ‘న్యూ హాలండ్ (అంటే ఆస్ట్రేలియా) కొలూటియా, పెద్ద ఎర్ర పూలు గొడుగులా గుత్తి కట్టి, ఊదా మచ్చతో ఉండేది’. లిన్నేయస్ రెండు మాటల పద్ధతి తెచ్చాక, 1753కి ముందు పెట్టిన మొక్కల పేర్లు చెల్లకుండా పోయాయి. నా వాక్యమూ పోయింది. 1832లో ‘డోనియా ఫార్మోసా’ అన్నారు. ఆ తర్వాత క్లయాంథస్ అన్నారు. కొన్నాళ్లు ‘క్లయాంథస్ డాంపియెరి’ అని డాంపియర్‌ని కూడా తలుచుకున్నారు. 1990లో ‘స్వైన్‌సోనా ఫార్మోసా’గా మార్చారు. ఆ పేరులోని ఐజాక్ స్వైన్‌సన్ లండన్ దగ్గర మూలికల సిరప్ అమ్ముకుని, ఆ డబ్బుతో తోట పెంచిన ఆసామి. 1999లో ‘విల్‌డాంపియా’ అని మరొకరు ప్రతిపాదిస్తే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఇంటిపేర్లు ఎన్ని మారినా ఫార్మోసా మాత్రం నిలిచింది. అందమైనది అని దాని అర్థం. నాకు అభ్యంతరం లేదు.

మరి స్టర్ట్ ఎవరు? చార్లెస్ స్టర్ట్ భారతదేశంలో, గంగ ఒడ్డున చునార్‌లో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీలో జడ్జి. 1844లో స్టర్ట్ అడిలైడ్ నుంచి ఆస్ట్రేలియా నడిబొడ్డుకు బయల్దేరాడు. అక్కడ లోపలి సముద్రం ఉంటుందని నమ్మి బండి మీద ఒక పడవ కూడా వేసుకెళ్లాడు. సముద్రం దొరకలేదు. కరువులో ఒక నీటి గుంట పక్కన ఆరు నెలలు ఇరుక్కుపోయాడు. ఆ యాత్రలో మా వాళ్లు విరగబూసి ఉండగా చూసి పుస్తకంలో రాశాడు. పేరు ఆయనకి దక్కింది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆయన పేరుతో మరో పువ్వు ఉంది, ‘స్టర్ట్స్ డెజర్ట్ రోజ్’. నార్తర్న్ టెరిటరీ చిహ్నం అది. గుంటూరు రైతు దాన్ని చూస్తే ‘గులాబీ ఏంటి, ఇది పత్తి కదా’ అంటాడు. నిజమే, అది పత్తి జాతిదే. వాడుక పేర్లు చుట్టరికాలు విచారించవు.

మేం బతికే తీరు మాత్రం ఎడారిదే. మా గింజ పెంకు మహా గట్టిది. మంచి వాన పడేదాకా మట్టిలో ఏళ్ల తరబడి పడుంటుంది. తోటల్లో వేసుకునేవాళ్లు దాన్ని గరుకు కాగితంతో రుద్దో, వేడినీళ్లలో నానబెట్టో మొలిపిస్తారు. 1961 నవంబరు 23న దక్షిణ ఆస్ట్రేలియా మమ్మల్ని రాష్ట్ర పుష్పంగా ఎన్నుకుంది. అక్కడి ప్రభుత్వ భూముల్లో అనుమతి లేకుండా మా పూలు కోయకూడదు. ఆ చట్టం నాకు కాస్త ఆలస్యంగా వచ్చింది.

డాంపియర్‌కంటే ఎంతో ముందునుంచీ మాకో పేరుంది. పడమటి ఎడారి భాషలు మాట్లాడేవాళ్లు మమ్మల్ని ‘మలుకురు’ అంటారు, ఎర్ర కంగారూ కళ్లు అని. నడుమ ఉన్న నల్ల బొడిపెను చూస్తే ఎందుకన్నారో ఎవరూ చెప్పక్కర్లేదు. వచ్చినవాళ్లంతా నా మీద తమ వాళ్ల పేర్లు రాశారు. ఆ భాషల వాళ్లు పువ్వును చూసి పేరు పెట్టారు. నన్నడిగితే నా ఓటు దానికే.