తోలు వాసనకు వేలకు వేలా!

మా రోజుల్ల అత్తరంటే పెండ్లికో పండుగకో. హైదరాబాద్ పోయినోళ్లు చార్మినార్ కాడ చిటికెనవేలంత సీస కొనుక్కొస్తే, అది సందుగల బట్టల నడుమ ఏండ్లకేండ్లు ఉండేది. ఇంత దూదికి అద్ది చెవి మడతల పెట్టుకుంటే చాలు. పీర్ల పండుగకు నిప్పుల మీద ఊదు చల్లితే ఆ పొగ ఊరంతటికీ ఉత్తగనే దొరికేది. ఇప్పుడో? మా పెద్దవంగరల తొర్రూరు బస్సెక్కే పోరగాళ్లు సుత అంగి తడిసేదాంక బుస్సుబుస్సుమని కొట్టుకుంటున్నరు. పక్కన కూసున్నోళ్లకు తుమ్ములే తుమ్ములు.

ఈ నడుమ మా మనుమడు నల్లటి సీస ఒకటి తెచ్చిండు. "తాతా, ఇది ఊద్, లెదర్. మస్తు డార్క్ ఉంటది" అనుకుంట నా ముంజేతి మీద కొట్టిండు. మొదలు పొగ, మిరియాల ఘాటు ముక్కుకు తగిలినయి. జరసేపటికి కొత్త చెప్పుల వాసన తేలింది. పొద్దుగూకేటాలకు అదంత సద్దుమణిగి తియ్యటి చెక్క వాసన మిగిలింది. తెల్లారి కండువ దులిపినా వచ్చింది. మల్లెపూల తీరు దూరం నుంచి పిలిచే వాసన కాదది, దగ్గరికొచ్చినోళ్లకే అందుతది. బాగలేదంటే కండ్లు పోతయి. "ధరెంతరా?" అంటే మాత్రం నవ్విండు గని చెప్పలే.

అసలు సంగతేందంటే, ఊద్ పుట్టేది రోగమొచ్చిన చెట్టుల. అస్సాం దిక్కు అగరు చెట్టుంటది. దాన్ని పురుగు తొలిచి, గాయానికి బూజు పడితే, చెట్టు తనను తాను కాపాడుకునేతందుకు చెక్క లోపల నల్లటి బంక నింపుకుంటది. గాయం లేని చెక్కకు వాసనే ఉండదు. ఆ నల్ల చెక్కను దినాలకొద్ది నీళ్లల్ల నానేసి, బట్టీ పెట్టి నూనె దించుతరు. అంత నానుతది గనుకనే మన దేశపు ఊద్‌ల పశువుల కొట్టం వాసన ఉంటది. అరబ్బులు దానికే ప్రాణం పెడతరు. నరికి నరికి చెట్లు కరువైతే 1995ల దేశాల నడుమ దాని వ్యాపారానికి కట్టడి పెట్టిన్రు. 2007ల టామ్ ఫోర్డ్ కంపెనీ "ఊద్ వుడ్" అనే సెంటు వచ్చినంక తెల్లోళ్ల కంపెనీలన్నీ ఊద్ ఎంబడి పడ్డయి. శానా సీసలల్ల ఉన్నది కార్ఖానల కలిపిన రసాయనమే.

తోలు వాసన సుత గంతే. తోలును పిండితే అత్తరు రాదు. చలిదేశాల బర్చ్ చెట్టు బెరడు కాల్చి తీసిన తారుతోని, ఇంకిన్ని రసాయనాలతోని ఆ వాసన కడతరు.

మా కాలంల అసలు తోలే. సున్నంల నానేసి, వెంట్రుకలు గీకి, తంగెడు చెక్క నీళ్లల్ల ఊరేసేటోళ్లు. తోలు ఊరేసే ఆ లంద కాడ పని చేసిన చేతులకు ఎంత కడిగినా ఆ వాసన పోకపోయేది. మోట బొక్కెన, కిర్రుచెప్పులు, డప్పు, అన్నీ ఆ చేతులల్లకెల్లి వచ్చినయే. మోట లేకుంటే పొలం పారకపోయేది. అయినా ఆ పని చేసిన మాదిగలను ఊరవతలికి నెట్టి, అటు దిక్కు పోతే ముక్కు మూసుకున్నయి ఊర్లన్నీ. కరెంటు మోటర్లొచ్చి మోటలు పోయినయి. ప్లాస్టిక్ చెప్పులొచ్చి లందలు పూడినయి. ఇప్పుడు ఆ ముక్కు మూసుకున్నోళ్ల మనుమలే ఏసీ దుకాణంల నిలబడి తోలు వాసనకు వేలు లెక్కబెడుతున్నరు.

కొట్టుకునేది ఉంటే చలికాలం రాత్రిపూట ఒక్క చుక్క కొట్టుకోండ్రి. ఎండకాలం పట్టపగలు బస్సుల మాత్రం మమ్ముల సంపకుండ్రి. ఇంకో మాట: సీసల తోలు వాసనకు వేలు పోసెటోళ్లు, తొర్రూరుల చెప్పులు కుట్టే ఆయన యాభై రూపాయలడిగితే బేరమాడకుండ్రి.