ఇటలీ కొండూరు చూడాలంటే కడలూరు రోడ్డు పట్టండి

టస్కనీలో కొండమీది ఊరు, రాతి ఇళ్లు, కింద ద్రాక్షతోటలు... ఫొటోలు చూసి టికెట్టు కొనబోతున్నారా? ఆగండి, ముందు పుదుచ్చేరి రండి. వచ్చాక బీచ్ రోడ్డుకు పోవద్దు. వైట్ టౌన్‌లో పసుపు గోడల ముందు ఫొటోలూ వద్దు. బస్టాండులో దిగగానే ఆటో ఎక్కి, కడలూరు రోడ్డు మీదుగా అరికమేడుకు పొమ్మనండి. దూరమేమీ కాదు. "అంగె ఒణ్ణుమే ఇల్లై సార్" అంటాడు డ్రైవరు, అక్కడేమీ లేదని. ఆ మాట విని మొదటిసారి నేను వెనుదిరిగాను. మీరు తిరగొద్దు.

నిజంగానే ఏమీ కనపడదు. అరియాంకుప్పం ఏరు, కొబ్బరిచెట్లు, పద్దెనిమిదో శతాబ్దపు క్రైస్తవ మిషను కట్టడం తాలూకు మొండిగోడలు. మేడు అంటే మెట్ట. కొండ కాదు, గట్టు కంటే కాస్త ఎత్తు. రెండువేల ఏళ్ల కిందట ఇటలీ నుంచి, గ్రీకుల కోస్ దీవి నుంచి వైన్ వచ్చి దిగింది ఇక్కడే. ఆంఫొరాలనే రెండు చెవుల పొడుగు జాడీల్లో వచ్చింది. వాటికి లోపల చెట్టుబంక పూసేవారు, వైన్ ఇంకిపోకుండా.

ముందు మ్యూజియం చూసి తర్వాత మెట్టకు వెళ్లమంటారు అందరూ. తిరగేసి చేయండి. ఉత్త నేల మీద గంటసేపు తిరిగి, సాయంత్రం భారతి పార్కు పక్కనున్న మ్యూజియంలో ఆ జాడీల ముందు నిలబడితే పెంకు బరువు తెలుస్తుంది.

ఇక్కడి పెద్ద తవ్వకానికి దారి చూపింది ఒక్క పెంకే. 1944లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ మద్రాసు మ్యూజియంలో ఆంఫొరా మెడ ముక్క చూసి, దాని జాడ పట్టుకుని పుదుచ్చేరి వచ్చాడు. 1945లో అరికమేడును తవ్వించాడు. అరెజ్జో పేరుతో పిలిచే నున్నటి ఎర్రపాత్రల పెంకులు బయటపడ్డాయి, కొన్నిటి మీద కుమ్మరుల ముద్రలతో సహా. టస్కనీ కొండూళ్లలో అరెజ్జో ఒకటి. ఆ పాత్రల కాలం ముందే తెలుసు. కాబట్టి వాటి పొరల్లోనే దొరికిన మన పళ్లేల కాలమూ తేలింది. అడుగున సన్నటి చుక్కల వలయాలుండే ఆ పళ్లేలు అమరావతి, ధరణికోటల్లోనూ దొరికాయి. దక్షిణాది తవ్వకాలకు తేదీలు వేసుకోవడానికి అవే ఆధారమయ్యాయి. గుంటూరు నుంచి వచ్చినవాళ్లు వాటి ముందు ఇంకొంచెం సేపు నిలబడాలి.

పాండిచ్చేరి అనగానే మనవాళ్లు "ఎన్ని సీసాలు తెస్తున్నావు?" అంటారు. ఒక్కటీ కొనకండి. అరికమేడు వైన్ రుచి తెలియాలంటే ఆ రోజుకి నోరు కట్టుకోవాలి.

వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. బురదకు భయపడొద్దు, కొట్టుకుపోయిన మట్టిలోంచి పెంకులు తేలేది అప్పుడే. తల వంచుకుని నడవండి. కాలికి తగిలినదాన్ని మాత్రం జేబులో వేసుకోకండి. అది పడివున్న చోటు, దాని పక్కనున్నవి, అన్నీ కలిస్తేనే దానికో వయసు. మీ ఇంటి అద్దాల బీరువాలో అది వట్టి చిల్లపెంకు.

ఇంకొకటి, ఆటోను పంపేయకండి. ఆ తోపులో మరొకటి దొరకడం కష్టం.