సద్వినియోగం చేసుకోగలరు

గౌరవనీయులైన జిల్లా పౌర సంబంధాల అధికారి గారికి,

ఓ దినపత్రిక జిల్లా డెస్కులో కూర్చుని మీ ప్రెస్ నోట్లు దిద్దే సబ్ ఎడిటర్ నమస్కరించి రాయునది. ఏ జిల్లా అన్నది కావాలనే రాయలేదు. ఎవరి చేతికి అందినా, పక్క జిల్లా వారి గురించేననుకుని హాయిగా చదువుకోవచ్చు.

మొన్న సాయంత్రం మీ ఆఫీసు నుంచి వాట్సాప్ గ్రూపులో ఒక నోట్ పడింది. ‘నిరుద్యోగ యువత జాబ్ మేళాను సద్వినియోగం చేసుకోవాలి: జిల్లా కలెక్టర్’ అని శీర్షిక. మొదటి పేరాలో కలెక్టర్ గారు, ఎమ్మెల్యే గారు వేదిక ఎక్కారు. రెండో పేరాలో జ్యోతి వెలిగింది. మూడో పేరాలో యువత దేశానికి వెన్నెముక అయింది (వ్యవసాయ శాఖ నోట్లో ఆ ఎముక రైతుకు వెళ్తుంది). ‘ఈ కార్యక్రమంలో’ అని మొదలైన నాలుగో పేరాలో పదహారు పేర్లు హోదాలతో సహా వరసకట్టి, రెండో పేజీలో ఎక్కడో ‘తదితరులు పాల్గొన్నారు’ దగ్గర ఆగాయి. ఆ తర్వాత, సంతకానికి కాస్త పైన, ఒకే ఒక్క వాక్యం: డిగ్రీ లేనివారికి రేపు ఉదయం పది గంటల నుంచి ఐటీఐ ఆవరణలో ఇంటర్వ్యూలు, పదో తరగతి మార్కుల మెమో వెంట తెచ్చుకోవాలి.

అయ్యా, వార్త అదొక్కటే. పొద్దున్నే మొదటి బస్సు పట్టుకోవాల్సిన కుర్రాడికి జ్యోతి ఎవరు వెలిగించారో అక్కర్లేదు. పేజీలో చోటు చాలకపోతే డెస్కులో ఎవరైనా కింది నుంచే కోస్తారు. జర్నలిజం స్కూళ్లలో తలకిందుల పిరమిడ్ అని నేర్పేది అందుకే. అసలు సంగతి పైన ఉండాలి, కత్తెర పడినా బాధలేనిది కిందకు పోవాలి. మీ పిరమిడ్ మాత్రం ఈజిప్టులో ఉన్నట్టే నిక్షేపంగా నిలబడి ఉంటుంది.

మీకు రాయడం రాదని నేననను. గోదావరికి వరదొచ్చినప్పుడు మీ శాఖ వాళ్లు పంపే నోట్లు చూశాను కదా. నీటిమట్టం ఎంత, ఎన్ని గంటలకు చూసిన లెక్క, దిగువకు ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయి, ఏ రోడ్డు మునిగింది, కంట్రోల్ రూమ్ నంబరెంత. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరంలో అయితే 11.75, 13.75, 17.75. ఆ అంకెలు ఏటిగట్టు ఊళ్లలో చదువురాని వాళ్లకు కూడా కంఠతా వచ్చు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీరు 71.3 అడుగులకు వచ్చిందంటే, పక్కనే 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల రికార్డు వేస్తే చాలు, పాఠకుడికి గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలో తెలిసిపోతుంది. అలాంటి నోట్‌ను మేం దిద్దం. హెడ్డింగు పెట్టి పేజీలో పెట్టేస్తాం. వరద మీదికొస్తుంటే ‘ఈ సందర్భంగా వారు మాట్లాడుతూ’ అని రాసే తీరిక ఎవరికీ ఉండదు మరి.

మీ కలం పదునెక్కే సందర్భం ఇంకొకటుంది. ఖండన. ఫలానా గ్రామంలో నీళ్ల ట్యాంకు పని ఆగిపోయిందని పొద్దున మా పేపర్లో వస్తే, మధ్యాహ్నానికల్లా మీ నుంచి ‘అవాస్తవం, నిరాధారం’ అని వచ్చేస్తుంది. అందులో అంచనా వ్యయం, ఎంత పైపు వేశారు, ఎంత బిల్లు చెల్లించారు, మిగతాది ఎప్పటికి పూర్తవుతుంది అన్నీ ఉంటాయి. చదివితే ముచ్చటేస్తుంది. ఈ అంకెలే మా విలేకరి ముందు వారం అడిగితే ‘పై నుంచి రావాలి’ అన్నారు. కోపంలో రాసినంత బాగా మీరు మామూలు రోజుల్లో ఎందుకు రాయరు?

కారణం నాకు తెలుసు, మీకూ తెలుసు. మీ నోట్ మొదట చదివేది విలేకరి కాదు, పేషీ. జాబితాలో ఒక పేరు జారిపోతే మీకు మెమో వస్తుంది. తేదీ జారిపోతే ఎవరూ అడగరు. కనుక పేర్లు భద్రంగా ఉంటాయి, తేదీలు జారిపోతాయి. దీనికి నా దగ్గరున్న ఉపాయం ఒక్కటే: నోట్లు రెండు రాయండి. పేషీకి పంపే దాంట్లో ఎన్ని దీపాలైనా వెలిగించుకోండి. మాకు పంపేది అరపేజీ దాటనివ్వకండి.

మీ వృత్తికి ఆద్యుల్లో ఒకడని చెప్పే ఐవీ లీ కూడా ముందు విలేకరే. 1906 అక్టోబర్ 28న అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ రైలు వంతెన మీద నుంచి నీళ్లలో పడి యాభై మందికి పైగా చనిపోయారు. అప్పటి కంపెనీలు ప్రమాదం జరిగితే నోరు మెదిపేవి కావు. ఆ కంపెనీకి పనిచేస్తున్న లీ అలా దాచనివ్వలేదు. జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకు ఇచ్చాడు, విలేకరులను ప్రమాద స్థలానికి కూడా తీసుకెళ్లాడు. ఆ ప్రకటనను న్యూయార్క్ టైమ్స్ ఉన్నదున్నట్టు అచ్చేసింది. మొట్టమొదటి ప్రెస్ నోట్ అదేనని చాలామంది అంటారు. తర్వాతి రోజుల్లో ఆయన ఎవరెవరి కొలువు చేశాడన్నది వేరే కథ, అంత గొప్పగా చెప్పుకునేదీ కాదు. ఆ ఒక్క నోట్ వరకు మాత్రం ఆయనకు దండం పెట్టొచ్చు.

ఇక చిన్నాచితకా. నోట్ ప్రింటు తీసి, సంతకం చేసి, దాన్ని వంకరగా స్కాన్ చేసి పీడీఎఫ్ పంపుతున్నారు. మేం మొత్తం మళ్లీ కొట్టుకోవాలి. అను ఫాంట్లో పంపితే ఫోనులో తెలుగు బదులు గవ్వలు, గీతలు కనిపిస్తున్నాయి. యూనికోడ్‌లో మామూలు మెసేజ్ పెట్టండి చాలు. ఫోటో సంగతి: ఫ్లెక్సీ ముందు అధికారులంతా నిటారుగా నిలబడ్డారు. ఉద్యోగం వచ్చిన అమ్మాయి ఆర్డరు కాగితం పట్టుకుని చివర్లో ఉంది, సగం ఫ్రేములో, సగం బయట. మాకు కావాల్సింది ఆమె. పేరు, ఊరు, ఏ ఉద్యోగం, జీతమెంత. ఆమె ఒప్పుకుంటే మెయిన్ పేజీకే పంపిస్తాం.

చివరగా, నోట్ అడుగున ఒక ఫోన్ నంబరు వేయండి. మీదే కానక్కర్లేదు, రాత్రి తొమ్మిది దాటాక ఎత్తే మనిషిదైతే చాలు. ఈ సాయంత్రం పంపిన నోట్లో కంటి శిబిరం 15వ తేదీ శుక్రవారం అని ఉంది. మా గోడ మీది క్యాలెండర్లో 15 శనివారం. తేదీ తప్పో వారం తప్పో పది గంటలలోగా తెలియజేయగలరు, పేజీ వదిలేయాలి.

ఇట్లు,
జిల్లా డెస్కు